చేతికి తెలిసే పెట్టె

కళ్లకు తువ్వాల బిగించి కట్టుకుని, విజేందర్ కంప్యూటర్ పెట్టె ముందు నేల మీద కూర్చున్నాడు. వేళ్లు రేకు మీద పాకుతూ పోయి ఒక సన్నని బటన్ దగ్గర ఆగాయి. నొక్కాడు.

"అది గాదు. మల్ల పక్కదే ఒత్తినవ్," అంది కుట్టుమిషన్ దగ్గర నుంచి భార్య లీలమ్మ.

తువ్వాల విప్పి నవ్వాడు. కంప్యూటర్‌ను ఆన్ చేసే బటనూ, పనిలో ఉండగానే ఆపి మళ్లీ మొదలుపెట్టే బటనూ కవల పిల్లల్లా పక్కపక్కనే ఉన్నాయి. చూపు బాగున్నన్నాళ్లు అదొక ఇబ్బందని తోచనేలేదు. షుగర్ ఎడమ కంటిని ఎప్పుడో తీసుకుపోయింది. కుడి కంట్లోనూ రక్తనాళాలు చిట్లుతున్నాయనీ, ఎన్నాళ్లు ఉంటుందో చెప్పలేమనీ దవాఖానలో అన్నారు. అప్పటి నుంచీ అతనికి ఒకటే తొందర. ఆ కన్ను పోయేలోగా పెట్టెను వేళ్లకు అప్పజెప్పాలి.

కీబోర్డు గురించి బెంగ లేదు. నల్లగొండ ప్రకాశం బజారులో పెండ్లి కార్డుల దుకాణంలో ఇరవై ఏళ్లు అక్షరాలు కొట్టిన వేళ్లవి. దుకాణం మూసేస్తూ సేటు, "నువ్వు వాడిన డబ్బానే గదా, తీస్కపో," అని కంప్యూటర్ ఇచ్చేశాడు. ఇప్పుడు ప్రెస్సులవాళ్లు ఫోనులో చెప్తే, ఇంట్లోనే కూర్చుని కార్డుల్లోని మాటలు కొట్టి పంపుతున్నాడు. తెర మీది మాటలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను మేనకోడలు త్రివేణి పోయిన వారమే ఎక్కించి వెళ్లింది. ఇక మిగిలింది పెట్టె ఒక్కటే.

ముందు రేకు ఊడదీశాడు. ఆన్ బటన్‌కు ఉన్న రెండు సన్నని తీగలు లాగి, తలుపుకు పెట్టే కాలింగ్ బెల్లు స్విచ్చికి చుట్టాడు.

"గది గొడ్తే ఎవరొస్తరు?" అంది లీలమ్మ.

"నేనే వస్త."

రెండో బటన్ తీగ పీకేసి ఆ చిల్లును ఎం-సీల్ ముద్దతో పూడ్చాడు. చేతికి కోసుకునే రేకు అంచులకు పాత సైకిల్ ట్యూబు చీల్చి తొడిగాడు. పెన్‌డ్రైవ్ పెట్టే చోటు తెలియడానికి గుండీ ఒకటి కావాలన్నాడు. లీలమ్మ జాకెట్ల గుండీల డబ్బా ఒలకబోసింది. అతను తడిమి తడిమి మెరుపులున్న ఆకుపచ్చది తీశాడు.

"చేతికి రంగెట్ల తెలుస్తది?"

"చూపున్నన్ని రోజులు చూస్త గద."

అంటించిన గుండీ ఆరేలోగా ఇద్దరూ అన్నాలు తిన్నారు. కొత్త జిల్లాలు వచ్చిన ఏటి సంగతి అతను ఎత్తాడు. నల్లగొండ జిల్లా అని అచ్చు వేయించుకున్నవాళ్లు ఒక్కసారిగా సూర్యాపేట జిల్లా వాళ్లయిపోయారు. కార్డులన్నీ మళ్లీ కొట్టాలి. అన్నం గిన్నెతో వచ్చిన లీలమ్మ, పసుపు వాసన కొట్టే ఆ దుకాణంలో అతని పక్కనే స్టూలు వేసుకుని ఊళ్ల పేర్లు చదివింది. ఆరో తరగతి చదువు. ఒక్కో అక్షరం కూడబలుక్కునేది. ఆమె కోసం అతను తన వేళ్లను నెమ్మది చేసుకునేవాడు.

"గప్పుడు నన్ను జూసి దుకాణమంత నవ్విండ్రు," అంది లీలమ్మ.

"నాకైతే గా కార్డులు అయిపోతయేమో అని ఫికరుండె," అన్నాడు విజేందర్.

సాయంత్రం ట్యూబులైటు వేశాక రేకులన్నీ బిగించాడు. బెల్లు స్విచ్చి నొక్కగానే పెట్టెలో ఫ్యాను గుర్రుమంది. తెర మీది మాటలు వినపడసాగాయి. లీలమ్మ గుడ్డ పక్కన పెట్టి చూసింది. అతను సంబరంగా గుండీని తడుముతుండగా, కుడి కంట్లో నీళ్లలో సిరా చుక్క వేసినట్టు నల్లటి పోగు ఒకటి సాగింది. అది కన్నంతా విప్పారింది. కదలకుండా కూర్చున్నాడు.

"కరెంటు పోయిందా, లీలా?"

తలపైన ఫ్యాను తిరుగుతూనే ఉంది. ట్యూబులైటు అతని ముఖం మీద తెల్లగా పడుతోంది. లీలమ్మ లైటు వంకా, అతని ముఖం వంకా చూసింది.

"ఆ... పోయింది," అంది.

అతను తల పైకెత్తి, ఆ ఫ్యాను చప్పుడు కాసేపు విన్నాడు.

"అయితే మోంబత్తి ముట్టియ్యి," అన్నాడు మెల్లగా. "చీకట్ల కుట్టకు. నీ కండ్లు గుంజుతయ్."

ఆమె అగ్గిపుల్ల గీసింది. కొవ్వొత్తి వెలిగించి, పెట్టె పక్కన నేల మీద నిలబెట్టింది. "దవాఖానకు పోదం, లే," అని అతని చేయి పట్టుకుంది. అతను ఆమె భుజం ఆసరాతో లేచి, గడప ఎక్కడుందో కాలితో వెతుక్కుంటూ బయటికి నడిచాడు.

నిండా వెలుతురున్న ఆ గదిలో, నేల మీద, చిన్న కొవ్వొత్తి వెలుగుతూ ఉండిపోయింది.