రెండున్నరేళ్ల హైస్కూలు

"తొందరగా చదువు ముగించవే మికాయెలా. పోలీసులు మనల్ని పట్టుకునేలోపు చేతిలో ఓ సర్టిఫికెట్టయినా ఉండాలి" అన్నది నేనే. అక్క ఎన్‌గ్రాసియా నా మాట విని కూతుర్ని తొందరపెట్టింది.

అమెరికాలో కాన్సస్‌లోని మా ఊళ్లో గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లందరిదీ ఇదే తీరు. ఈ దేశంలో ఉండనిచ్చే కాగితాలు లేని బతుకులు, ఏ పనీ రేపటికి అట్టిపెట్టం. పదిహేనో ఏట ఇక్కడికొచ్చిన పిల్ల వేసవి సెలవుల్లోనూ క్లాసులకెళ్లి, నాలుగేళ్ల హైస్కూలును రెండున్నరేళ్లలో ముగించింది. ఆ రోజు మొక్కజొన్న పిండితో మా టమాలెలు వండి, మాంసం ఫ్యాక్టరీలో నా పక్కన కత్తి పట్టేవాళ్లందరికీ పంచాను.

నర్సింగు సీటు వచ్చింది. ఇక్కడి పిల్లలకు ఒక ఫీజు, బయటివాళ్లకు దానికి రెండింతల పైమాటే. కాగితాలు లేకపోయినా ఇక్కడి హైస్కూల్లో చదివి పాసైతే తక్కువ ఫీజేనన్నారు. ధీమాగా వెళ్లాం.

కాలేజీ ఆఫీసులో ఒకావిడ మార్కుల కాగితం రెండుసార్లు తిరగేసింది.

"మార్కులు బ్రహ్మాండం. కానీ తక్కువ ఫీజుకు ఇక్కడి హైస్కూల్లో మూడేళ్లు చదివుండాలమ్మా. ఆర్నెల్లు తక్కువైంది."

"చదువంతా ముగించేసింది కదా మేడమ్, ఇంకేం చదవాలి?" అన్నాను.

"ఎంత చదివిందని కాదు, ఎన్నేళ్లు చదివిందని అడుగుతుంది రూలు."

"ఆ ఆర్నెల్లు మళ్లీ స్కూలుకెళ్తాను" అంది మికాయెలా.

"పాసైనవాళ్లను చేర్చుకోరు తల్లీ."

నాకు ఒళ్లు మండిపోయింది. మాలాగే కాగితాలు లేని పక్కింటి సెల్సో రెండుసార్లు తప్పి, నింపాదిగా గట్టెక్కి, అదే కాలేజీలో తక్కువ ఫీజుకే చదువుతున్నాడు. ఆవిడ మీద అరుద్దామంటే పాపం మంచిదే, మాకు మంచినీళ్లు కూడా ఇచ్చింది. అందుకు ఇంకా మంట.

"అంతా నీ తొందర చలవే" అంది అక్క దారిలో.

ఆ పెద్ద ఫీజు మా తరం కాదు. సీటు పోయింది. మికాయెలా మోటెల్లో పక్కలు సర్దే పనిలో చేరింది.

నిన్న సాయంత్రం మికాయెలా చెల్లెలు డెల్ఫీనా వేసవి క్లాసుల ఫారం తెచ్చింది. తొమ్మిదో తరగతిలో అందరికంటే అదే ముందుంది. అక్క సంతకం పెట్టబోతుంటే మికాయెలా ఫారం లాక్కుంది.

"మరి వేసవంతా ఏం చెయ్యనే?" అంది చిన్నది.

"పడుకో. ఆడుకో. లెక్కల్లో ఓసారి తప్పినా పర్లేదు."

రోజూ దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని లెక్కలు చెప్పేది మికాయెలాయే. నాకు ఏడుపాగలేదు. అక్క మాత్రం పెన్నుకు మూత పెట్టింది.