కోటు అన్న మాట

పొద్దున తొమ్మిదింటికి షట్టరెత్తి, మిషన్‌కి నూనె చుక్క వేసి, సూదిలో దారం ఎక్కించేలోపే టైలర్ మాస్టారి నోట్లోంచి మొదటి బూతు వచ్చేసేది. దానికి కోపమే రానక్కర్లేదు. దారం తెగినా బూతే, చొక్కా ముచ్చటగా కుదిరినా బూతే. "ఊరికే నోటి అలవాటండీ, మనసులో ఏం ఉండదు నాకు," అనేవాడు.

ఆ ఊళ్లో కుట్టేటప్పుడు అన్న మాట కుట్టులో ఉండిపోతుంది. బట్ట కదిలితే, అన్నవాళ్ల గొంతుతోనే బయటికొస్తుంది. మూడు ఉతుకులు పడితే గానీ పోదు. అందుకని మాస్టారు ఏ బట్టనైనా మూడుసార్లు ఉతికి, ఇస్త్రీ చేసి ఇచ్చేవాడు. లారీ డ్రైవరొకడు మాత్రం "నాది ఉతక్కండి మాస్టారూ, దారిలో తోడుంటుంది" అని అలాగే పట్టుకుపోయేవాడు.

మాస్టారి చెల్లెలికి ఆ మాటలు గిట్టేవి కావు. అమ్మానాన్నలు పోయాక అన్న దగ్గరే పెరిగింది. "నీ తిట్లన్నీ ఆడవాళ్ల మీదే ఉంటాయేం అన్నయ్యా?" అని అడిగేది. "వాటిని నేను కనిపెట్టానా ఏంటే?" అని నవ్వేసేవాడు.

నాలుగేళ్లు కష్టపడి ఆమె టీచరు పరీక్ష గట్టెక్కింది. సోమవారం వచ్చి ఒక పాఠం చెప్పి చూపించమని, అక్కడి టీచర్లంతా వేసుకునే బూడిదరంగు కోటుతో రమ్మని బడివాళ్లు కబురు చేశారు. పదిరోజుల ముందే గుడ్డ తెచ్చి అన్నకిచ్చింది. ఇంటి మనిషి పనే కదా అని మాస్టారు బయటివాళ్లవన్నీ ముందు కానిచ్చి, ఆదివారం సాయంత్రం కూర్చున్నాడు. కుడి చెయ్యి అతుకుతుండగా సూది విరిగింది. ఎప్పుడూ అనే మాటే అన్నాడు. ఉతికే వ్యవధి లేదు. చెల్లెలికి చెబుదామనుకున్నాడు. ఒక్క మాటే కదా, ఎక్కడో చంకలో ఉంది, ఎవరికి వినిపిస్తుందిలే అని ఇస్త్రీ చేసి ఇచ్చేశాడు.

సోమవారం మధ్యాహ్నం చెల్లెలు ఇంటికొచ్చి, కోటు మడిచి బల్ల మీద పెట్టింది.

"ఏమన్నారే?"

"వేరేవాళ్లను చూసుకుంటామన్నారు."

"పాఠం సరిగ్గా కుదర్లేదా?"

"కుదిరింది," అంది చేతులు కడుక్కోవడానికి వెళుతూ. "కోటే, చంకల్లో కొంచెం బిగువైందన్నయ్యా."

ఆమె లోపలికి వెళ్లాక మాస్టారు ఆ కోటులో కుడి చెయ్యి దూర్చి, బోర్డు మీద రాసేవాడిలా పైకెత్తాడు. తన గొంతే, ఖంగుమని. ఆ మాట రోజుకి వందసార్లు అని ఉంటాడు గానీ, వినడం అదే మొదటిసారి.

మర్నాడు బడికి వెళ్లి పెద్ద టీచరు ముందు నిలబడ్డాడు. "తప్పు నాదండి. ఆ అమ్మాయి నోట ఒక్కనాడూ..."

"తెలుసు. మగ గొంతు కదా," అందావిడ. "కానీ ఎనిమిదేళ్ల పిల్లలండీ. నిన్నట్నుంచీ ఆటల్లో కూడా అదే మాట. ఆవిణ్ణి చూస్తే వాళ్లకి అదే గుర్తొస్తుంది. నన్నేం చెయ్యమంటారు?"

బడికి వెళ్లొచ్చిన సంగతి చెల్లెలికి చెప్పలేకపోయాడు. తర్వాతి వారం నుంచి ఆమె దుకాణంలో కూర్చుని బట్టల అంచులు కుట్టడం మొదలుపెట్టింది. మాస్టారికి నోరు పడిపోయినట్టయింది. సూది వేలిలో దిగినా పెదవులు బిగించి ఊరుకునేవాడు.

"అనేసెయ్యి అన్నయ్యా, కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి," అందామె ఓసారి. దానికన్నా చెడామడా తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి. ఆమె రోజూ ఎదురుగా కూర్చుని, తల వంచుకుని, పెదవులు కదుపుతూ కుట్టేది. తననే తిడుతోందనుకున్నాడు. తిట్టాలనే కోరుకున్నాడు.

దుకాణంలో బూతులు లేకపోయేసరికి ఉతికే పనీ ఎత్తేశారు. ఆర్నెల్లు గడిచాక ఒకరోజు పెద్ద టీచరే మెట్లెక్కి వచ్చింది, చేతిలో చిన్న గౌనుతో.

"లెక్కల పరీక్షలో ఒక పిల్ల దీని అంచు చెవి దగ్గర పెట్టుకుని కూర్చుంది. కాపీ కొడుతోందని పట్టుకున్నాను," అంటూ గౌను విదిలించింది.

"రెండులోంచి ఏడు పోదు కదా? పక్కింటికెళ్లి పదిని పిలుచుకురా. తొందరేం లేదు, నేనిక్కడే ఉంటాను," అంది చెల్లెలి గొంతు.

చెల్లెలు ముఖం దించుకుంది. "ఆ రోజు పాఠం సగంలో ఆగిపోయిందండి. చేతులు పనిలో ఉంటే మిగతాది చెప్పుకుంటూ ఉంటాను."

పెద్ద టీచరు గౌను నెమ్మదిగా మడిచింది. "ఏడాదిగా ఆ పిల్లకి రాని తీసివేతలు వచ్చేశాయి. మూడో తరగతి టీచరు ఈ నెలాఖరుకి మానేస్తోంది. ఒకటో తారీకు సోమవారం, మీరు వచ్చెయ్యండి."

మాస్టారు మర్నాడే కొత్త కోటు కత్తిరించాడు. ఉతకడానికి ఈసారి బోలెడు రోజులున్నాయి.

"వద్దన్నయ్యా, ఉతక్కు," అంది చెల్లెలు. "ఏదైనా మంచి మాట అంటూ కుట్టు."

మంచి మాట కోసం వెతుక్కున్నాడు. ముప్పయ్యేళ్లుగా ఆగకుండా ఆడిన నోటికి ఒక్కటీ తట్టలేదు. తప్పయిపోయిందమ్మా అందామని కుడి చంక దగ్గర మిషన్ ఆపాడు. గొంతు దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ తొక్కాడు, మళ్లీ ఆపాడు. అలా ఆగుతూనే కుట్టు పూర్తయిపోయింది.

సోమవారం సాయంత్రం చెల్లెలు కోటుతోనే తిన్నగా దుకాణానికి వచ్చింది. మాస్టారు తలెత్తకుండా అడిగాడు.

"కోటు ఏమైనా అందా?"

"ఏమీ అనలేదు. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తినప్పుడల్లా ఎవరో గుటకలు మింగుతున్న చప్పుడు." కోటు విప్పకుండానే స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది. "మంచినీళ్లు తెమ్మంటారా టీచర్ అని అడిగారు పిల్లలు."