కమాను కట్టలో ఒక పట్టీ

పెంచలయ్య బండి నడుపుతున్నాడు, పక్కన ఓబులేసు కూర్చుని ఉన్నాడు, బండికి వెనక చక్రాలు లేవు. లేవన్న సంగతి ఓబులేసుకు బాగా తెలుసు, ఎందుకంటే వాటిని విప్పి షెడ్డు గోడకు ఆనించి పెట్టింది తనే. అయినా బండి మాత్రం బద్వేలు దాటి, నెల్లూరు వైపో సిద్ధవటం వైపో తేలని ఒక రోడ్డు మీద మంచి ఊపులో పోతోంది. తన అక్క మొగుడైన ఈ పెంచలయ్య చనిపోయి ఏడాది కావస్తోందని కూడా అతనికి తెలుసు. చనిపోయిన మనిషి స్టీరింగు పట్టుకోవడంలో అడగాల్సిందేమీ కనిపించడం లేదు గానీ, చక్రాలు లేని బండి ఎలా పోతోందన్నది మాత్రం అతన్ని కుదురుగా కూర్చోనివ్వడం లేదు. ఓబులేసుకు అదొక జబ్బు. ఏ వస్తువు చేతికొచ్చినా విప్పి చూడందే నిద్రపట్టదు. వాళ్ల అక్క తన పెళ్లికి కానుకగా వచ్చిన గోడగడియారాన్ని కూడా వారం తిరక్కుండా ముక్కలు చేశాడని ఇప్పటికీ దెప్పుతుంది.

"బావా, వెనక చక్రాలు లేవు కదా, బండి ఎట్ల పోతాంది?"

"ముందరివి ఉండాయి కదా," అంటాడు పెంచలయ్య, రోడ్డు మీది చూపు తిప్పకుండా.

"తిప్పేది వెనకవే కదా."

"నీకు అన్నీ కావాల."

ఆ మాట వినగానే ఓబులేసుకు ప్రాణం లేచొస్తుంది. అచ్చంగా బావ మాటే అది. ఈ ఏడాదిలో దీనికోసం ఎంత మొహం వాచిపోయి ఉన్నాడో అతనికి ఇప్పుడే తెలుస్తోంది.

రోడ్డు పక్కన రాళ్లు పోతున్నాయి, వాటి మీద ఊళ్ల పేర్లు ఉండాల్సిన చోట సున్నం మాత్రమే ఉంది. పెంచలయ్య బతికినన్నాళ్లూ ఆర్టీసీ బస్సు నడిపాడు, అదీ చాలా ఏళ్లు ఒకే రూటు, బద్వేలు నుంచి నెల్లూరు, నెల్లూరు నుంచి బద్వేలు. రిటైరైన కొన్నాళ్లకే, పాల క్యాన్లు మోసి మోసి నీరసపడిన ఒక పాత పికప్పును కొనుక్కొచ్చి, ఓబులేసు వెల్డింగు షాపు వెనకున్న రేకుల షెడ్డులో నిలబెట్టి, తారు మీద తిరిగింది చాలు, ఇంక తారు దిగాల అన్నాడు. తారు దిగి కొండల్లోకీ వాగుల్లోకీ పోవాలట, అక్కడే వండుకోవాలట, బండిలోనే పడుకుని మర్నాడు రావాలట. విన్నవాళ్లలో నవ్వనివాడు లేడు. ఓబులేసు మాత్రం నవ్వలేదు, ఎందుకని కూడా అడగలేదు, ఎలాగని అడిగాడు. ఆ ఎలాలోనే బావాబామ్మర్దులిద్దరికీ రెండేళ్లు హాయిగా గడిచిపోయాయి.

ఆ రెండేళ్ల పనంతా ఇప్పుడు పక్కనున్న అద్దంలో కనిపిస్తోంది. తుప్పుపట్టి కంతలు పడిన అడుగుకు అతికిన కొత్త రేకులు, పైపులు వంచి వాటి మీద కట్టిన టార్పాలిన్ కప్పు, పగలు మడిచి రాత్రి పరుచుకునే పలక, దీపానికని పెట్టిన వేరే బ్యాటరీ, వాగు దాటితే నీళ్లు పోకుండా పైకి తిప్పిన సైలెన్సరు. వాటితోపాటు తాము చేయనిది ఒకటి కూడా కనిపిస్తోంది, కప్పుకు ఒక చిన్న కిటికీ, దానికి ఆకుపచ్చ తెర. ఆ కిటికీ ఎవరు కోశారు, ఏ మిషనుతో కోశారు, అంచులు అంత నున్నగా ఎలా వచ్చాయి అని ఓబులేసు తల తిప్పి తిప్పి చూస్తుండగానే తారు అయిపోతుంది, ఎండిన చెరువు వస్తుంది, చెరువు ఏటవాలుగా లేచి వెలిగొండ అవుతుంది. కొండ మీద చెట్ల మధ్య బస్సు స్టాపులు ఉన్నాయి. పెంచలయ్య అలవాటు కొద్దీ ప్రతి స్టాపులోనూ ఆపుతున్నాడు, ఎక్కేవాళ్లు ఎవరూ కనిపించరు, కానీ ఆపినప్పుడల్లా వెనక కిర్రుమని చప్పుడై బండి కాస్త కిందికి దిగుతోంది.

ఆ చప్పుడుతో ఓబులేసుకు అసలు అడగాల్సింది గుర్తొస్తుంది. బరువు మోసే బండికి వెనక ఇరుసు మీద ఉక్కు పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన కమాను కట్టలు ఉంటాయి. బరువు లేకుండా రాళ్ల దారిలో పోతే ఆ కట్టలు మనిషిని ఎగరేసి కొడతాయి. అటో పట్టీ ఇటో పట్టీ తీసేస్తే మెత్తబడతాయి, పోయేది ఇద్దరం, ఒక స్టవ్వు, రెండు దుప్పట్లు, అంత మాత్రానికి ఇంత గట్టి కట్ట దేనికని ఓబులేసు వాదన. పెంచలయ్య ఉండనీ అన్నాడు. ఎందుకంటే చెప్పడు, ఉండనీ అంటాడు అంతే. అలా వాదించుకుంటూనే చక్రాలు విప్పారు, ఒక పక్క కట్ట విప్పారు, పట్టీ తీసి నేల మీద పెట్టారు, అప్పటికీ వాదన తెగకపోయేసరికి రేపు చూద్దాంలే అని పెంచలయ్య ఇంటికి పోయాడు. తెల్లారేసరికి మనిషి లేడు. అప్పటి నుంచీ బండి రాళ్ల మీదే ఉంది. పట్టీ లేకుండా బిగిద్దామంటే చనిపోయినవాడి మాట కొట్టేసినట్టుంటుంది, పెట్టి బిగిద్దామంటే ఎందుకో తెలియకుండా పెట్టడానికి ఓబులేసుకు చెయ్యి రాలేదు. చివరికి అరటిగెలల వ్యాపారి ఒకాయన అడిగితే సరేనన్నాడు, ఈ సాయంత్రమే ఆయన వచ్చి బండి తోలుకుపోతాడు. అక్కను అడిగితే నీ ఇష్టం అంది. గెలలు మోసే బండికి పట్టీ ఉండాల్సిందే, కాబట్టి సాయంత్రంలోపు పెట్టి బిగించక తప్పదు; బావ మాట తీరా నెగ్గేది అరటిగెలల కోసమా అన్నదే ఓబులేసుకు మింగుడుపడడం లేదు.

"బావా, ఆ పట్టీ ఎందుకు ఉండనీ అన్నావు?"

పెంచలయ్య గేరు మారుస్తాడు. గేరు రాడ్డు ఉండాల్సిన చోట గొడుగు పిడి ఉంది, అయినా గేరు పడుతుంది.

"వాన పడతాదంటావా?" అంటాడు.

"మాట మార్చొద్దు."

"మార్చలే. టార్పాలిన్ ఎడంపక్క కుట్టు ఊడింది, చూసుకో."

ఓబులేసు వెనక్కి తిరిగి చూస్తే నిజంగానే ఊడింది. ఆ సందులోంచి కొండ కనిపించాలి, కానీ బద్వేలు బస్టాండు కనిపిస్తోంది, బెంచీలూ సోడా బండీ అన్నీ తడిసి ఉన్నాయి. దాన్ని చూస్తూ చూస్తూ, ఇన్నాళ్లూ లోపల దాచుకున్న ఇంకో ప్రశ్న ఓబులేసు నోట్లోంచి దానంతటదే జారుతుంది.

"ఆ పొద్దు నొప్పి పెట్టిందా బావా?"

"ఏమో. స్టాపు వచ్చిందేమో అనుకున్నా, బ్రేకేసినా."

"ఇప్పుడు యాడుండావు?"

"ఈడే ఉండా కదా, నీ పక్కన."

"ఇప్పుడు కాదు, మామూలుగా."

"మామూలుగా అంటే?" అంటూ పెంచలయ్య నిజంగానే ఆలోచనలో పడతాడు. ఆ సంగతి తనకూ ఇంతవరకూ తట్టనట్టు, తట్టించినందుకు బామ్మర్ది మీద కాస్త మెప్పు కూడా ఉన్నట్టు కనుబొమలు ముడిచి కొంతదూరం అలాగే నడిపి, "దారయితే ఉండాది. తారు లే," అంటాడు. ఆ అనడంలో ఉన్న సంతోషం చూసి ఓబులేసు మనసు కుదుటపడుతుంది.

ఇంకో స్టాపు వస్తుంది, మళ్లీ కిర్రుమంటుంది, బండి ఇంకాస్త దిగుతుంది.

"ఎవురు బావా ఎక్కేది?"

"మనుషులు కాదు, సామాను. నువ్వే చూడు."

వెనక టార్పాలిన్ కింద ఒక నులక మంచం ఉంది. మంచం మీద పరుపు చుట్ట, దాని పక్కన మూతకు గుడ్డ కట్టిన నీళ్ల డ్రమ్ము, గిన్నెల బుట్ట, అన్నిటికీ వెనక రుబ్బురోలు. రుబ్బురోలు ఎలా ఎక్కిందో అడగాలనుకుని, అడగబోయే ముందే ఓబులేసు వాటిని గుర్తుపడతాడు. ఆ మంచం అక్కవాళ్ల వసారాలోది.

"ఇవన్నీ అక్కవి కదా."

"మరి మీ అక్క వస్తే ఉత్త చేతులు ఊపుకుంటా వచ్చాదా? నేల మీద పండుకుంటే నడుము పట్టుకుంటాది, మంచం కావాల. బయటి నీళ్లు తాగదు, డ్రమ్ము కావాల. మిక్సీలో నూరిన పచ్చడి నోట పెట్టదు, రోలు కావాల. నువ్వు చెప్పినట్టు పట్టీ తీసింటే ఆ రోలు ఒక్కదానికే బండి కూలబడి ఉంటాది."

రెండేళ్లు ఆ బండి కింద దూరి, పైన ఎక్కి, ప్రతి బోల్టునూ పేరు పెట్టి పిలిచేంతగా ఎరిగిన ఓబులేసు, అందులోకి అక్క ఎక్కుతుందని ఒక్కసారి కూడా అనుకోలేదు.

"అక్క వచ్చాదని ఎప్పుడూ చెప్పలే నువ్వు."

"ఎవురెవురు పోతామని నువ్వడిగినావా? బోల్టు సైజు అడిగినావు, పైపు మందం అడిగినావు."

"అడక్కపోతే చెప్పకూడదా?"

"చెప్తే ఊరుకుంటావా నువ్వు? ఈ వయసులో పెండ్లాన్ని ఏసుకోని అడివికి పోతాండాడు మా బావ అని ఊరంతా టముకేసేవాడివి."

అదీ నిజమే. బావను ఆటపట్టించే సందు దొరికితే ఓబులేసు వదిలిపెట్టిన పాపాన పోలేదు. తన నవ్వుకు జడిసి బావ ఒక మాట దాచుకున్నాడని మాత్రం అతని ఊహకు అందలేదు, అందనందుకు ఇప్పుడు బాధగా ఉంది.

"నాకు చెప్పకపోతే పాయె. అక్కకన్నా చెప్పింటివా?"

బండి ఆగుతుంది. ఇక్కడ స్టాపు లేదు, చెట్లు కూడా లేవు, కొండ ఎప్పుడో వెనకబడిపోయి చుట్టూ పాలలాంటి తెల్లటి వెలుతురు మాత్రం ఉంది. పెంచలయ్య రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి వాటినే చూసుకుంటూ ఉంటాడు.

"చెప్పలే," అంటాడు.

"ఎందుకు?"

"రానంటే?" అంటాడు. "రానంటే మళ్ల ఈ బండి నాకెందుకు చెప్పు. అంతా సిద్ధమైనాక అడుగుదాంలే అనుకుంటి. అందుకే ఒక పని అయితే ఇంకొకటి పెట్టుకుంటి. కప్పు అయితే పలక, పలక అయితే దీపం. అడిగే దినం వచ్చాదేమోనని నాకే భయమైపోయింది."

నిండు బస్సును వానలో ఘాటు రోడ్డు దించిన మనిషికి భయమన్నది ఉంటుందని, అదీ అక్క విషయంలో ఉంటుందని ఓబులేసు ఏనాడూ అనుకోలేదు.

"నువ్వన్నా అడుగు," అంటాడు పెంచలయ్య.

"ఇప్పుడు అడిగి ఏం చేచ్చావు బావా?"

"ఏం చేసేది లే. వచ్చేదా, రానిదా, తెలుసుకోవాలని. ఇంత దూరం వచ్చినా ఆ ఒక్కటి తెగలే నాకు."

అలా అంటూ అతను ఓబులేసు వైపు తిరుగుతాడు, ముఖం బాగా కనిపించదు, గడ్డం గీసుకున్న సబ్బు వాసన మాత్రం వస్తుంది. "జరుగు," అంటాడు. ఇద్దరి మధ్యా ఎవరూ లేరు, ఇంకొకరు పట్టేంత చోటు ఉంది, అయినా ఓబులేసు జరుగుతాడు. "ఇంకా జరుగు." ఎవరికోసమని అడుగుదామనుకుంటూనే తలుపుకు ఒత్తుకుపోతాడు, తలుపు పిడి పక్కటెముకల్లో గుచ్చుకుంటుంది, తెల్లటి వెలుతురు అద్దం దాటి లోపలికి వస్తుంది.

"జరుగురా."

ఓబులేసు కళ్లు తెరిచాడు. మధ్యాహ్నం అన్నం తిని, పట్టీ బిగించే ముందు కాస్త నడుము వాలుద్దామని పికప్పు ముందు సీట్లో ముడుచుకుని పడుకున్నవాడు అలాగే ఉన్నాడు, తలుపు పిడి నిజంగానే పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. అవతలి తలుపు తెరిచి పట్టుకుని అక్క నాగసుబ్బమ్మ నిలబడి ఉంది.

"కాళ్లు ముడుచుకో. ఇంకొకరి పాలయ్యేలోపల ఒకసారి ఎక్కి చూద్దామని వచ్చినా."

అతను లేచి జరిగాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని, తలుపు పట్టుకుని, ఆయాసపడుతూ ఎక్కి కూర్చుంది. షెడ్డు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి, అద్దంలోంచి వీధీ, వీధి చివర కొండా కనిపిస్తున్నాయి. ఆమె వాటినే చాలాసేపు చూసింది.

"ఈడ కూచుంటే ఇట్ల కనపడతాదా," అంది. "డ్రైవరు పెండ్లామని పేరే గానీ నన్ను ఎప్పుడూ ముందర కూచోనిచ్చింది లే. మాటల్లో పెట్టి బస్సును కాలవలో దింపిచ్చానని వెనక్కి పంపేవాడు."

ఓబులేసుకు నవ్వు రాలేదు. "అక్కా, ఈ బండిలో కొండకు పోదాం రా అని బావ పిలిచింటే వస్తా ఉంటివా?" అని అడిగాడు.

నాగసుబ్బమ్మ ఎదురుగా డాష్‌బోర్డు మీది దుమ్మును కొంగుతో తుడిచింది.

"పిలుస్తాడేమోనని చూసినా," అంది. "ఇన్నాళ్లు కడతాండారు కదా, ఏదో ఒక పొద్దు పిలుస్తాడులే అనుకున్నా. తర్వాత, మీ మొగోళ్ల ముచ్చటేమోలే, మధ్యలో నేనెందుకని ఊరుకున్నా."

ఓబులేసు జేబులోంచి ఫోను తీసి, అరటిగెలల వ్యాపారికి బండి అమ్మడం లేదని చెప్పాడు. ఆయన ఏదో అంటూనే ఉండగా పెట్టేశాడు. పెట్టేసి, అక్క వైపు తిరిగి, "ఇప్పుడు నేను పిలుస్తాండా. వస్తావా?" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి, చిన్న అద్దంలోంచి టార్పాలిన్ కింద ఉన్న చోటును కళ్లతోనే కొలుచుకుంది.

"నేల మీద నేను పండుకోలేను," అంది. "వెనక మంచం పడతాదా?"