పేరయ్య నత్తలు

పేరయ్య పాత ఏటీఎం కార్డుతో తొట్టి అద్దానికి పట్టిన పాచి గీకుతున్నాడు. రోజూ ఈ పని చేసేటప్పుడు పిల్ల నత్తలు కార్డుకు అడ్డొచ్చేవి. ఇవాళ అద్దం మీద ఒక్కటీ లేదు. ఒంగి చూస్తే, ఆవగింజంత పిల్లలు ఇసుకలో వెల్లకిలా పడి ఉన్నాయి. మరమేకుల్లా మెలితిరిగిన గుల్లల పెద్ద నత్తలు మూలకు చేరి, మూతులు బిగించుకున్నాయి. ఒకదాన్ని వేలితో కదిపాడు. అది కదల్లేదు.

తార్నాకలోని ఆ రెండు గదుల వాటాలో ముందుగది సగం ఈ ఉప్పునీటి తొట్టే తినేసింది. సముద్రపు నత్త పిల్లలు పుట్టగానే నత్తల్లా ఉండవు. ధూళిలా నీళ్లలో తేలుతాయి, మోటారు లాగితే నలిగిపోతాయి. ఎన్నో ఈతలు అలాగే పోయాయి. ఈసారి మోటారు మూతికి స్పాంజి కట్టి, డాబా మీద బకెట్లో పాచినీళ్లు పెంచి పోసి, పిల్లల్ని గుల్ల కట్టేదాకా తెచ్చాడు. యాభై దాటిన పేరయ్య తన బతుకులో మొదలుపెట్టి చివరిదాకా తెచ్చిన పని ఇదొక్కటే. ఇవి కూడా పోతే చెప్పుకోవడానికి ఏమీ మిగలదు.

వెనక గదిలో అక్క సుగుణమ్మ ప్రార్థన మొదలుపెట్టింది. మిషన్ బడిలో టీచరుగా చేసి రిటైరైన మనిషి, గొంతులో ఇంకా బెత్తం ఉంది. బాపట్ల నుంచి వచ్చి ఈ ఊళ్లో స్థిరపడ్డ కొత్తల్లో, పేరయ్య తన సెక్షన్‌లోనే పనిచేసే పద్మశ్రీని పెళ్లి చేసుకుంటానన్నాడు. హిందువుల పిల్ల. సుగుణమ్మ పాస్టరు దగ్గర కూర్చుని ఆ సంబంధం చెడగొట్టింది. అప్పట్నుంచీ అక్కాతమ్ముళ్లకి మాటల్లేవు. ఆమె వండుతుంది, అతను తింటాడు. చెప్పాల్సింది ఏదైనా ఉంటే ఆమె దేవుడితో చెబుతుంది, ముందుగదికి వినపడేలా. "ప్రభువా, గ్యాసు అయిపోవచ్చింది, ఈ ఇంట్లో ఎవరికీ పట్టదు." మర్నాటికి గ్యాసు వచ్చేది. దేవుడు కూడా పాపం ఆ ఇంట్లో పోస్టుమ్యాను ఉద్యోగం చేశాడు.

కొన్నాళ్లుగా ఆ కబుర్లు కూడా వినబుద్ధి కాక, ప్రార్థన మొదలవగానే పేరయ్య కుళాయి తిప్పేస్తున్నాడు. ఇవాళా తిప్పాడు. నీళ్ల చప్పుడులో అక్క గొంతు మునిగిపోయింది. తొట్టి నీళ్లు మాత్రం అద్దం మీద గుర్తు పెట్టిన గీత దగ్గరే ఉన్నాయి. అక్కడే అతనికి ఆశ్చర్యంగా ఉంది. తొట్టిలో నీరు ఆవిరై ఉప్పు మిగులుతుంది కాబట్టి రోజూ కాస్త మంచినీళ్లు పోయాలి. ఆఫీసులో పరీక్షా ఫలితాల పని తగిలి పొద్దున్నే పోయి చీకటి పడ్డాక రావడంతో, ఈ వారం పోయడం మర్చిపోయాడు. అయినా నీరు తగ్గలేదు. కొత్తగా బిగించిన అద్దపు మూత పనితనమే అని మురిసిపోయాడు.

యూనివర్సిటీ పరీక్షల విభాగంలో అతని కిటికీ ముందు ఎండలో పిల్లలు బారులు తీరారు. అభిషేక్ అనే కుర్రాడు కాగితం లోపలికి తోశాడు.

"సార్, మెమోల నా పేరు తప్పు పడ్డది. ఎన్నిసార్లని తిరగాలె?"

"లంచ్ తర్వాత రా."

"సార్, ఇంకా పొద్దుగాలనే ఉన్నది గదా."

పేరయ్య కిటికీ రెక్క మూసేశాడు. పక్క సీటు భూపాల్ నొచ్చుకున్నాడు. "ఏందన్నా, పోరడు ఎండల నిలబడ్డడు."

"ఎండ నేను పెట్టానా?"

పిల్లలు అతన్ని 'రేపు సార్' అంటారు. అది అతనికి తెలుసు, కొంచెం గర్వం కూడా. కానీ ఇవాళ 'రేపు' అనేటప్పుడల్లా వెల్లకిలా పడ్డ పిల్ల నత్తలే కళ్లలో మెదిలాయి. ఆ కోపం కిటికీ ముందుకొచ్చిన వాళ్లందరి మీదా చూపించాడు.

సాయంత్రం క్యాంపస్ గేటు దాటి గబగబా నడిచి వచ్చి తలుపు తీశాడు. కుళ్లిన వాసన ముక్కుపుటాలు బద్దలు కొట్టింది. పెద్దవి కూడా గుల్లల్లోంచి జారి వేలాడుతున్నాయి. తొట్టి మూత మీద తడి చుక్కలున్నాయి. పేరయ్య వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లాడు. ఇన్నేళ్లకు అక్కతో మొదటిసారి మాట్లాడాడు.

"తొట్టిలో నీళ్లు పోశావా?"

"వారం నుంచీ పోస్తున్నాను. నువ్వు మర్చిపోతున్నావుగా."

"ఏ నీళ్లు?"

"నా రాగి బిందెలోవి."

కీళ్లనొప్పులకని రాత్రంతా బిందెలో నిలవపెట్టి తాగే నీళ్లవి. ఎవరినీ ముట్టనివ్వదు, పాస్టరుకి కూడా పోయదు.

"రాగి నత్తలకి విషం. కావాలనే పోశావు."

"నాకేం తెలుసురా? రోజూ ప్రార్థనలో చెబుతూనే ఉన్నాను. ప్రభువా, ఆ పిల్లలకి నా బిందెలో నీళ్లు పోస్తున్నాను, వాటికి బలం ఇయ్యి అని. నువ్వు వింటున్నావనుకున్నాను. వద్దంటే మానేసేదాన్ని."

కుళాయి గుర్తొచ్చింది పేరయ్యకు. తప్పు ఎవరిదో అర్థమైంది. అర్థమైనందుకే నోరు ఇంకా విషం కక్కింది.

"నీ చెయ్యి పడింది ఏది బతికింది గనక. అప్పుడు నా పెళ్లి, ఇప్పుడివి."

సుగుణమ్మ పొయ్యి కట్టేసింది.

"ఇన్నేళ్లూ ఇది కడుపులో పెట్టుకునే నా చేతి కూడు తిన్నావన్నమాట."

ఆ పూట ఆమె ప్రార్థన చెయ్యలేదు. వారాసిగూడలో ఉండే చర్చి స్నేహితురాలు రెబెకాకు ఫోన్ చేసి వస్తున్నానంది. బైబిలు, మందులు, చీరలు సంచిలో సర్దింది. బిందెలో నీళ్లు తూములో వంపి, బిందెను చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది. ఆగమంటే ఆగేది. పేరయ్య గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆటో మెయిన్ రోడ్డు ఎక్కిన చప్పుడు వినపడింది.

చచ్చిన వాటిని ఏరడానికి గిన్నె తెచ్చి, తొట్టి వెనక కిటికీ తెర తొలగించాడు. కిటికీ గట్టు మీద, రేపు తొట్టిలో పోయడానికని అక్క బిందెలోంచి ముందే తీసి పెట్టుకున్న నీళ్ల గ్లాసు ఉంది, దుమ్ము పడకుండా సాసరు మూసి, అంచుదాకా నిండుగా.