స్టీరింగు కింద చప్పుడు

ఎడమకు తిప్పితే టక్‌. కుడికి తిప్పితే ఏమీ లేదు. కొన్నాళ్లుగా అనంతయ్యకు ఆ చప్పుడు అన్నంలో రాయిలా తగులుతోంది. రేపు గద్వాల దవాఖాన నుంచి కూతురు తేజస్వినినీ, పుట్టిన పసిగుడ్డునూ ఇంటికి తేవాలి. చప్పుడు చేసే కారులో మనవరాలిని ఎక్కించడానికి ధైర్యం చాలడం లేదు. ఆ పిల్ల మొదటి ప్రయాణం కిరాయి బండిలో చేయించడానికి మనసొప్పడం లేదు.

అందుకే పొద్దున్నే భార్య సుభద్రమ్మను ఎక్కించుకుని, పెబ్బేరులో మెకానిక్ హన్మంతు షెడ్డుకు వచ్చాడు.

హన్మంతు జాకీ పెట్టి ముందు చక్రాలు ఊపి చూశాడు. అన్నీ బిగువుగానే ఉన్నాయి. తర్వాత డ్రైవరు సీటు ముందు, బ్రేకు దగ్గర తల దూర్చి వెల్లకిలా పడుకున్నాడు.

"అన్నా, ఎడమకు మెల్లగ తిప్పు."

టక్‌.

"చక్రాల కాడ కాదు. గీ స్టీరింగు రాడ్డు కాడనే. చేతికి తెలుస్తుంది."

"రాడ్డు పోయిందా ఏంది?"

"జర చూడనియ్యి. నువ్వే దాన్ని పోగొట్టేటట్టున్నవ్."

టార్చి వెలిగింది. కాసేపటికి కింద నుంచి నవ్వు వినిపించింది.

"వదినా, గిది నీ పనేనా?"

రాడ్డుకు దారంతో కట్టిన పసుపు కొమ్ము. దారం వదులై, ఎడమకు తిప్పినప్పుడల్లా కొమ్ము పక్కనున్న ప్లాస్టిక్ మూతకు కొట్టుకుంటోంది.

సుభద్రమ్మ కొంగు సర్దుకుంది. "అద్దానికి కడితే కండ్లకు అడ్డమని పీకేస్తివి గద. బిడ్డకు నెలలు నిండినయ్, నువ్వేమో దవాఖాన చుట్టు తిరుగుతుంటివి. జములమ్మ తల్లి కాడ పూజ చేపిచ్చి, నీకు కనబడని కాడ కట్టిన."

"గీడ మాత్రం వద్దు వదినా. జారి కీలుల ఇరుక్కుంటే స్టీరింగు పట్టేస్తది," అన్నాడు హన్మంతు, కొమ్ము విప్పుకుని బయటికి వస్తూ.

ఆమె ముఖం పాలిపోయింది. "సల్లగుండాలని కడితే, నేనే పానం మీదికి తెస్తుంటినా..."

అనంతయ్య హన్మంతు చేతిలోని కొమ్ము తీసుకున్నాడు. గ్రీజు మరకను చొక్కాకే తుడిచి భార్యకిచ్చి, కుడి చెయ్యి చాపాడు.

"బండికెందుకే? తిప్పేది గీ చెయ్యి గద. గట్టిగ కట్టు."

ఆమె తల ఎత్తకుండా రెండు ముళ్లు వేసింది.

"అన్న చప్పుడు చేస్తే మాత్రం నా కాడికి తేకు వదినా," అన్నాడు హన్మంతు.

షెడ్డు దాటి, గద్వాల రోడ్డెక్కడానికి కారు ఎడమకు తిరిగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఏ చప్పుడూ లేదు.

"నిమ్మళంగ పోదాం," అంది సుభద్రమ్మ. "రేపు గూడ గిట్లనే."