వాలు దొరకని నేల

రాజలింగం మేస్త్రి ముంబై కామాటిపురలో పుట్టి, యాభై ఎనిమిదేళ్లు అక్కడే బతికినవాడు. ఫాక్‌లాండ్ రోడ్ చాళ్లలో, ఆ పాత వరసగదుల ఇళ్లలో, ఆయన చెయ్యి పడని స్నానాల మోరీ లేదు. చెంబెడు నీళ్లు పోస్తే రెప్పపాటులో తూములోకి జారిపోవాలి, అదీ ఆయన పనితనం.

ఆయన కింద పనిచేసే మల్లయ్య, కృష్ణా నది ఒడ్డున ఉన్న తన ఊళ్లో ఇల్లు మొదలుపెట్టి, "పునాది నీ చేత్తోనే పడాలె మేస్త్రీ" అన్నాడు. తాపీ, మట్టం చూసే నీళ్ల గొట్టం సంచిలో వేసుకుని రాజలింగం రైలెక్కాడు.

పొద్దున్నే పొలంలో నిలబడి చుట్టూ చూశాడు. ఆకాశం అంచున అటొక గుట్టల వరస, ఇటొక వరస. నడుమ అంతా చదునే. గ్రాంట్ రోడ్ నుంచి వర్లి దాకా ఉన్న చాళ్లన్నీ ఎత్తుకొచ్చినా ఒక మూలకు చాలవు. మల్లయ్య ఇంటి కొలతకు పాతిన ముగ్గు మేకులకు గొట్టం పట్టి చూశాడు. యాభై అడుగులకు వేలెడు తేడా కూడా లేదు.

"వాలే లేదేందిరా! వానొస్తే నీళ్లెటు పోతయ్?"

"ఎటూ పోవు బిడ్డా, ఉంటయ్," అంది మల్లయ్య తల్లి వెంకటమ్మ.

ఆమె ఆయన్ని వెంటబెట్టుకుని నడిచింది. ఏటికి చాలా ఇవతల, వంకరగా సాగిన తుంగగడ్డి వరస చూపించి, "మా అత్త కాలంల ఒక పాయ ఈడ పారేదంట," అంది. రాజలింగం తాపీతో తవ్వాడు. ఒక పొర మట్టి, ఒక పొర ఇసక, మళ్లీ మట్టి. చిటికెడు తీసి నలిపితే వేళ్ల మధ్య పిండిలా జారింది. జన్మంతా ఇసక జల్లించినవాడు, ఇంత సన్నం ఎన్నడూ చూడలేదు.

"ఇదంతా ఏరు తెచ్చిందేనా అవ్వా?"

"మరి? కొండలల్ల ఉరుకుతది. ఈడికొచ్చేసరికి అలిసిపోయి, పరుచుకోని కూసుంటది. మోసుకొచ్చింది దించిపోతది. అందుకే ఇల్లు దిబ్బ మీద కట్టుమన్న, వీడు వినలె."

రాజలింగం వెనక్కొచ్చి మేకులు పీకేశాడు.

"దిబ్బకు దారి లేదు మేస్త్రీ! ఇటుక ఎట్ల మోస్తం?" అన్నాడు మల్లయ్య.

"నెత్తిన మోస్తం. ఇది ఏరు పండుకునే జాగ గదరా."

నెలన్నర మోశారు. పునాది మూడు వరసలు ఎత్తు లేపి మరీ కట్టాడు.

గోడలు లేచాక రాజలింగం ముంబై తిరిగొచ్చాడు. శ్రావణంలో వరద వచ్చింది. మల్లయ్య ఫోన్‌లో వీడియో పంపాడు. గుట్ట నుంచి గుట్టకు ఒకటే నీళ్లు, నడుమ దిబ్బ మీద పొడిగా ఇల్లు. వాకిట్లో వెంకటమ్మ జొన్నలు చెరుగుతోంది. రాజలింగం భార్య శాంతాబాయి గుండె మీద చెయ్యేసుకుంది.

"దేవా! ఊరంతా మునిగిందే!"

"ఊరు మునగలేదే, పొలాలే. మూడొద్దులల్ల నీళ్లు తీస్తయ్. వరి పోయింది గని, వచ్చే పంటకు బెత్తెడు కొత్తమట్టి పడ్తదంటున్నడు మల్లయ్య." ఆయన వీడియో మళ్లీ మొదటినుంచి పెట్టాడు. "దసరాకు నిన్ను తీస్కపోత. అంత జాగ నువ్వు ఏడ చూడలె శాంతా."