తట్ట మోసేవాళ్ళ వరుస

హిందూపురంలో బస్టాండు వెనక ఒక మిద్దెమీద దుర్గాప్రసాద్ నాలుగు కంప్యూటర్లతో ఆఫీసు నడిపేవాడు. బెంగళూరు నుంచి టైపింగు పనులూ డ్రాయింగు పనులూ తెచ్చి చేయించేవాడు. రెండువేల ఆరులో ఆయనకొక వింత పని దొరికింది. బెంగళూరులో మంజునాథ్ అనే ఆయన ఒక ఆట పుస్తకం రాస్తున్నాడు. నలుగురు బల్ల చుట్టూ చేరి ఒకరు రాజు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ అయిపోయి, మాటలతోనే రాజ్యాలు గెలుస్తూ, రెక్కల పాములతో పోరాడుతూ ఆడే ఆట. అందులో రాజు కోట కట్టాలంటే ఎంతమంది కావాలి, ఎన్నాళ్ళు పడుతుంది, ఎన్ని వెండి నాణేలవుతాయి అని ఒక పట్టిక అడిగాడు. ఊహించి రాయొద్దని, పాతకాలంలో పని ఎట్లా సాగేదో అట్లాగే ఉండాలని మరీ మరీ చెప్పాడు.

ఆ ఆఫీసులో సివిల్ డిప్లొమా చదివింది మంజుల ఒక్కతే. పని ఆమె నెత్తిన పడింది.

ఆమె నాలుగు ఆదివారాలు పెనుకొండ కోటకు పోయి గోడల మందం, రాళ్ళ పొడవు టేపుతో కొలుచుకుంది. కొండ కింద మామిడితోటకు రాతిగోడ కడుతున్న ఉలిగప్ప మేస్త్రి పక్కన కూర్చుని, ఒక మనిషి పొద్దుటినుంచి సందెదాకా ఎన్ని రాళ్ళు చెక్కగలడో, ఉలి ఎన్నిసార్లు సాన పెట్టాల్సి వస్తుందో, సున్నం గానుగ ఎద్దులతో ఎంతసేపు తిప్పేవాళ్ళో అడిగి రాసుకుంది. ఉలిగప్ప ఆమెకు కొత్త కాదు. ఆమె తల్లి రామాంజినమ్మ ఇరవై ఏళ్ళుగా ఆయన జట్టులోనే తట్టలు మోస్తోంది. మంజుల డిప్లొమా ఫీజు ఆ తట్టల్లోంచే వచ్చింది.

పట్టిక తయారైంది. నూరుమంది పనిచేస్తే ఒక్క బురుజుకే తొమ్మిది నెలలు. దుర్గాప్రసాద్ చూసి ముఖం చిట్లించి, ఒక వరుస మీద పెన్ను పెట్టాడు. మేస్త్రి ఒకరికి తట్ట మోసేవాళ్ళు, నీళ్ళు తెచ్చేవాళ్ళు ముగ్గురు అని ఉందక్కడ.

“ఇది తీసేయమ్మా. మేస్త్రి ఉంటే చాలు. సహాయకులు ఉచితం అని రాయి. ఆటకు ఇన్ని లెక్కలు యాల?”

“వాళ్ళు ల్యాకుండా గోడ లేయదు సార్.”

“లేస్తాదో లేయదో ఎవురు పోయి చూస్తారు? తీయకుంటే పుస్తకంలో నీ పేరుండదు చూస్కో.”

“పేరు తీసేయండి. వరుస మాత్రం తియ్యను.”

అన్న తరువాత ఆమె మళ్ళీ పట్టికవైపు తిరిగింది. కుర్చీలోంచి లేవలేదు, మాట మార్చలేదు. ఆ సాయంత్రమే మంజునాథ్‌కు ఫోను చేసి, పట్టికలో ఒక వరుస మీద మాట తేడా వచ్చిందని, పెనుకొండ వచ్చి పని కళ్ళతో చూస్తేగానీ తేలదని చెప్పింది.

ఆదివారం పొద్దున మంజునాథ్ కారులో పెనుకొండ వచ్చాడు. దుర్గాప్రసాద్ కూడా ముందు సీట్లో కూర్చుని వచ్చాడు. మంజుల వాళ్ళను మామిడితోట దగ్గరికి తీసుకుపోయింది. అక్కడ పని జోరుగా సాగుతోంది. దుర్గాప్రసాద్ నవ్వుతూ, “గోడ కట్టేది మేస్త్రే కదా సార్. వీళ్ళు ఊరికే అందిస్తాంటారు. అందుకే ఉచితం అని రాయమన్యా” అన్నాడు.

రామాంజినమ్మ నెత్తిమీద సిమెంటు మాలుతో అటే పోతోంది. ఆగింది. తట్ట దించింది.

“ఉచితమా? ఎవురప్పా ఉచితం?”

ఆమె వెనక్కి తిరిగి ఈరక్కను, వెంకటక్కను పిలిచింది. “రాండమ్మే, కూసుందాం. మనం ఊరికే అందిస్తాండామంట. అందీకుంటే ఏమైతాదో చూస్తాం.”

ముగ్గురూ మామిడిచెట్టు నీడన కూర్చుని వక్కాకు నమలసాగారు. ఉలిగప్ప చేతిలో తాపీతో నిలబడి మంజునాథ్ వైపు చూశాడు. “నేనేం చేసేది సామీ? గోడ దిగి మాలు తెచ్చుకుంటే కట్టేదెవురు, కడితే తెచ్చేదెవురు?”

మంజునాథ్ చొక్కా చేతులు మడిచి తానే తట్ట ఎత్తాడు. మొదటి తట్ట సగం దారిలో ఒలికింది. రెండోది చేర్చాడు కానీ, నీళ్ళు తెచ్చేసరికి మాలు బిగుసుకుపోయింది. గంటన్నర గడిచింది. ఉలిగప్ప మూడు రాళ్ళు పెట్టాడు, ఒకటి మళ్ళీ తీసేశాడు. దుర్గాప్రసాద్ కారు నీడన నిలబడి గడియారం చూసుకున్నాడు.

మంజునాథ్ మెడ రుద్దుకుంటూ వచ్చి రామాంజినమ్మ ముందు నేలమీద కూర్చున్నాడు. “తప్పాయితు అమ్మా, తప్పయిపోయింది. ఆ వరుస ఉంటుంది” అన్నాడు. ఆ మాట విన్నాకే ఆడవాళ్ళు లేచారు.

దుర్గాప్రసాద్ ఆ నెలాఖరున మంజులను పనికి రావద్దన్నాడు. ఆమె ధర్మవరంలో ఒక ఇంజనీరు దగ్గర, నేతవాళ్ళ ఇళ్ళకు ప్లాన్లు గీసే పనిలో చేరింది. మంజునాథ్ మాత్రం పట్టిక అచ్చుకు పోయేముందు ఒకసారి సరిచూడమని ఆమెకే పంపాడు. ఇంట్లో ఆ కాగితాలు చూస్తుంటే రామాంజినమ్మ వచ్చి పక్కన కూర్చుంది.

“దాంట్లో నాకెంత వేసినావే?”

“ఆడమనిషికి దినానికి నాలుగు నాణేలు.”

“తట్ట మోసే మొగోనికి?”

మంజుల నెమ్మదిగా చెప్పింది. “ఆరు.”

“తట్ట ఒగటేనా, వేరేదా?”

“ఒగటే. కానీ ఆ కాలంలో అట్లనే ఇచ్చేవాళ్ళమ్మా. నిజంగా ఎట్ల ఉండేదో అట్లనే రాయమన్యాడు.”

“ఆ కాలంలో పాములు ఎగిరినాయా?” అంది రామాంజినమ్మ. “పాముకు రెక్కలు పెడతారు, మంత్రమేస్తే మనిషి మాయమైపోతాడు. అవన్నీ ఒప్పుకుంటారు. ఆడదానికి ఆరు ఇయ్యమంటే మాత్రం నిజం అడ్డమొచ్చిందా మీకు?”

మంజులకు సిగ్గేసింది. ఒక్క వరుస కోసం ఉద్యోగం పోగొట్టుకున్నది తనే. ఆ వరుసలోనే తన తల్లికి రెండు నాణేలు తక్కువ రాసిందీ తనే. రాస్తున్నప్పుడు చెయ్యి ఎక్కడా ఆగలేదు.

మరునాడు నెట్ సెంటరుకు పోయి, రెండు చోట్లా ఆరు వేసి పంపింది. మంజునాథ్ ఫోను చేశాడు. “దీనికి ఆధారం ఏమైనా ఉందా?”

“లేదు సార్. నాలుగుకైతే కావలసినంత ఉంది. అయినా ఆరే ఉండాల.”

ఆడేవాళ్ళు అడిగితే ఏం చెప్పమంటావన్నాడాయన. తట్ట ఎత్తి చూడమనండి అని చెప్పింది మంజుల. ఆయన గట్టిగా నవ్వి, సరే అన్నాడు.

పుస్తకం మరుసటి ఏడు అచ్చయింది. కోట కట్టడానికి ఇన్నేళ్ళేమిటని ఆడేవాళ్ళు కొందరు తిట్టుకున్నారట. రామాంజినమ్మ ఆ పుస్తకాన్ని తనతో పెనుకొండ తీసుకుపోయింది. చదువు రాకపోయినా ఆ పేజీ ఆమెకు గుర్తు. మధ్యాహ్నం సద్ది తినేవేళ ఉలిగప్ప ముందు తెరిచి, రెండు ఆరుల మీదా వేలు పెట్టి, “ఏమన్నా, చూసినావా? మా కూలి ఎప్పుడు పెంచుతావు?” అని అడిగింది.